ఇరవై అంటే ఎంత?

ఒక్క సున్నాకి మూడు మార్కులు పోయాయని ఆ రోజు మా అమ్మాయి అన్నం తిననని భీష్మించుకు కూర్చుంది.

ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. కాలేజీలో వారం వారం పెట్టే పరీక్షలో ఒక ఫిజిక్స్ లెక్క తప్పయింది. చిన్న లెక్కే. స్ప్రింగుకి 200 గ్రాముల బరువు తగిలిస్తే 4 సెంటీమీటర్లు సాగింది, స్ప్రింగ్ స్థిరాంకం ఎంత అని అడిగారు. ఇది 200ని 9.8తో గుణించి, 4తో భాగించి, 490 అని రాసి చుట్టూ గడి కూడా కట్టింది. రావలసింది 49, పక్కన న్యూటన్ పర్ మీటర్ అని ఉండాలి. సారు మూడుకి మూడు మార్కులూ కొట్టేసి, ఎర్ర ఇంకుతో "490 ఏంటి? వంకాయలా?" అని రాశారు.

"ఫార్ములా కరెక్టే కదమ్మా. గుణించడం కరెక్టే, భాగించడం కరెక్టే. నాలుగూ తొమ్మిదీ కూడా వచ్చాయి. ఒక్క సున్నా ఎక్కువైతే మొత్తం కొట్టేస్తారా?" అని ఏడుపు.

నాకూ అన్యాయమే అనిపించింది. కనీసం ఒక్క మార్కయినా వెయ్యాల్సింది కదా అన్నాను. "శనివారం పేరెంట్స్ మీటింగులో నేనే అడుగుతా" అని మా వారి ముందు కాస్త గట్టిగానే అన్నాను. నేనూ ఒకప్పుడు బీఎస్సీ చదివినదాన్నే. పెళ్లయ్యాక ఆ చదువు పాల లెక్కకీ చీటీల లెక్కకీ తప్ప దేనికీ పనికిరాలేదు. పిల్ల తరఫున మాట్లాడటానికైనా పనికొస్తుందని నాకు లోపల్లోపల ఉత్సాహం.

తీరా ఆ శనివారం మీటింగుకి మా వారే వెళ్లారు. నేను మా అత్తయ్యని తీసుకుని డాక్టరు గారి దగ్గర ఉన్నాను. ఎందుకంటారా, అదే చెప్పబోతున్నాను.

అత్తయ్యకి డెబ్భై ఆరేళ్లు. ఎనిమిదేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నారు. పొద్దున టిఫినుకి ముందు ఇరవై యూనిట్లు. ఆవిడకి చూపు సరిగా ఆనదు, సిరంజి మీద గీతలు కనపడవు. అందుకని వేసేది నేనే. సీసా మందు, ఎర్ర మూత సిరంజి. ఇరవై గీత దాకా లాగడం, వెయ్యడం. పొయ్యి మీద పాలు ఒక కంట చూసుకుంటూ కూడా వేసెయ్యగలను, అంత అలవాటైపోయింది.

సంక్రాంతి అయిన వారానికి సిరంజిలు అయిపోయాయి. మందుల షాపులో ఎర్ర మూతవి లేవన్నాడు. నారింజ రంగు మూతవి ఇచ్చాడు. "ఇవీ ఇన్సులిన్ సిరంజిలే ఆంటీ, సూది ఇంకా సన్నగా ఉంటుంది" అన్నాడు కుర్రాడు. సన్న సూది అయితే అత్తయ్యకి నొప్పి తగ్గుతుంది కదా అని సంతోషంగా తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే అందులోనూ ఇరవై గీత ఉంది. ఇంకేం కావాలి?

మామూలుగా పరగడుపున 130, 140 ఉండే షుగరు నాలుగో రోజుకి 210 చూపించింది. ఏడో రోజు 260. తొమ్మిదో రోజు 302.

నా అనుమానమంతా అరిసెల మీదకి పోయింది. పండక్కి చేసినవి ఇంకా సగం డబ్బా ఉన్నాయి. మధ్యాహ్నం నేను కునుకు తీసేటప్పుడు ఈవిడ వంటింట్లోకి వెళ్తున్నారని నిర్ధారణ చేసేసుకున్నాను. డబ్బా తీసుకెళ్లి అటక మీద పెట్టేశాను. పెట్టి ఊరుకున్నానా? మా వారూ అమ్మాయీ చూస్తుండగానే అన్నాను, "ఈ వయసులో కూడా నోరు కట్టుకోలేకపోతే ఎలా అత్తయ్యా? రేపు ఏమైనా అయితే మేమే కదా పరిగెత్తాల్సింది?"

"నేను తినలేదమ్మాయ్" అన్నారు.

"మరి మిషను అబద్ధం చెప్తుందా?" అన్నాను.

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. రాత్రి రెండు పుల్కాలు పెడితే ఒకటి ముట్టుకోకుండా లేచిపోయారు. ఆ రాత్రి నాలుగుసార్లు బాత్రూముకి లేచారు. చెంబుడు నీళ్లు తాగి కూడా నోరెండిపోతోందన్నారు. అది విని కూడా నా మనసు కరగలేదు. తిన్నదానికి ఫలితం అనుకున్నాను. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పదో రోజు డాక్టరు గారికి ఫోన్ చేస్తే, మందు సీసా, సిరంజి రెండూ పట్టుకుని రమ్మన్నారు. వెళ్లాం. ఆయన సీసా తీసుకుని దాని మీద చిన్న అక్షరాలు నాకు చూపించారు. ఒక మిల్లీలీటరుకి 40 యూనిట్లు. తర్వాత సిరంజి చూపించారు. అది ఒక మిల్లీలీటరుకి 100 యూనిట్లుండే మందు కోసం చేసిన సిరంజి.

"ఇరవై గీత దాకానే వేశానండీ, ఒక్క రోజు కూడా తప్పలేదు" అన్నాను.

"ఇరవై అంటే మీరు ఎంత అనుకుంటున్నారమ్మా?" అని అడిగారాయన.

నా దగ్గర జవాబు లేదు. ఆయన కోప్పడలేదు. ఇలా వచ్చేవాళ్లు మీరొక్కరే కాదు అని, ఎర్ర మూత సిరంజిలే వాడమని రాసిచ్చారు. ఆటోలో వస్తుంటే అత్తయ్య బయటికి చూస్తూ కూర్చున్నారు. నాకు ఆవిడ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

సాయంత్రం సంగతంతా చెప్తే, మా అమ్మాయి తన పరీక్ష కాగితం వెనక్కి తిప్పి లెక్క మొదలుపెట్టింది. సిరంజిలో ఒక మిల్లీలీటరుకి 100 గీతలు. 20 గీతలంటే 0.2 మిల్లీలీటరు. సీసాలో ఒక మిల్లీలీటరుకి 40 యూనిట్లు. 0.2ని 40తో గుణిస్తే 8.

"ఎనిమిదే వేశావమ్మా. పది రోజులు నానమ్మకి ఇరవై బదులు ఎనిమిది యూనిట్లే వేశావు."

కాసేపాగి తిరగేసి కూడా లెక్క కట్టింది. ఒకవేళ ఎర్ర మూత సిరంజిలో 100 రకం మందు ఇరవై గీత దాకా లాగి ఉంటే? అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. షుగరు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకి వచ్చేది. ఆ 50 అంకె చూసి ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత అది కాగితం మళ్లీ ఇటు తిప్పింది. గడి కట్టిన 490, పక్కన ఎర్ర ఇంకు. "వంకాయలా?" అన్న ప్రశ్న అప్పుడు ఇద్దరికీ నవ్వు తెప్పించలేదు.

అత్తయ్య దగ్గరికి వెళ్లి, "తప్పు నాది అత్తయ్యా, మిమ్మల్ని అనవసరంగా అన్నాను" అన్నాను. ఆవిడ "సరేలే" అన్నారు. అంతే. మూడు రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడారు. ఆ మూడు రోజులూ నాకు రావలసినవే.

మర్నాడు అరిసెల డబ్బా దింపడానికి అటక ఎక్కితే, దాని పక్కనే నా పాత ట్రంకు పెట్టె కనపడింది. అందులో నా ఫిజిక్స్ ప్రాక్టికల్ రికార్డు. అట్ట చివర్లు చెదలు కొట్టేసినా లోపల అక్షరాలు బాగానే ఉన్నాయి. స్ప్రింగు ప్రయోగం కూడా ఉంది. మా అమ్మాయి తిరగేసి, "ఇదేంటమ్మా, g అంటే 980 అని రాశావు? 9.8 కదా? ఈ డైను ఏంటి?" అంది. ఇన్నేళ్ల తర్వాత నన్ను ఒకరు ఫిజిక్స్ అడిగారు! చెయ్యి తుడుచుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను.

మా రోజుల్లో రెండు పద్ధతులుండేవి. ఒకటి సీజీఎస్: సెంటీమీటరు, గ్రాము, సెకండు. రెండోది ఎంకేఎస్: మీటరు, కిలోగ్రాము, సెకండు. రెండూ మెట్రిక్కే. రెండూ పదులతోనే నడుస్తాయి. ఒక తల్లి పిల్లలే గానీ కాపురాలు వేరు. సీజీఎస్ పద్ధతిని 1873లో బ్రిటిష్ అసోసియేషన్ కమిటీ ఒకటి సిఫారసు చేసింది. కెల్విన్, మాక్స్‌వెల్ లాంటి మహామహులు అందులో ఉన్నారు. బలానికి డైను, పనికి ఎర్గు అని గ్రీకు మాటల నుంచి పేర్లు పెట్టారు. డైను ఎంతో చిన్నది. ఒక మిల్లీగ్రాము బరువు ఎంత లాగుతుందో ఇంచుమించు అంత. ఆవగింజని అరచేతిలో పెట్టుకున్నా అంతకంటే ఎక్కువే బరువుంటుంది. న్యూటన్ అలా కాదు. వంద గ్రాముల పసుపు పొట్లం చేతిలో పెట్టుకుంటే ఇంచుమించు ఒక న్యూటన్. ఆ పొట్లాన్ని మీటరు ఎత్తుకి లేపితే ఇంచుమించు ఒక జౌలు పని. ఒక న్యూటన్‌కి లక్ష డైన్లు. ఒక జౌలుకి కోటి ఎర్గులు.

"మరి రెండెందుకు? ఒకటి చాలదా?" అంది. మంచి ప్రశ్న. ఇంట్లో వాడే వోల్టు, ఆంపియరు, వాట్లు సీజీఎస్‌లో సరిగ్గా ఇమడవు, ప్రతిసారీ పది మీద ఏదో ఒక ఘాతం పెట్టుకుని మార్చుకోవాలి. 1901లో జార్జి అనే ఇటలీ ఇంజినీరు, మీటరు, కిలోగ్రాము, సెకండులకి ఒక విద్యుత్ ప్రమాణం కలిపితే ఆ గొడవ ఉండదని చూపించాడు. వోల్టుని ఆంపియరుతో గుణిస్తే వాటు, అంటే సెకండుకి ఒక జౌలు. తిన్నగా కుదిరిపోయింది. దాని మీదే 1960లో ఇప్పుడు వీళ్లు చదివే ఎస్ఐ పద్ధతి వచ్చింది. సీజీఎస్ మాత్రం నా రికార్డు లాంటి పాత పుస్తకాల్లో చాలాకాలం కాపురం ఉంది.

సరే, ఇప్పుడు నీ లెక్క చెయ్యి అన్నాను. ముందు పూర్తిగా ఎస్ఐలో. 0.2 కిలోగ్రాము, 9.8, 0.04 మీటరు. 49 న్యూటన్ పర్ మీటర్ వచ్చింది. తర్వాత పూర్తిగా సీజీఎస్‌లో. 200 గ్రాములు, 980, 4 సెంటీమీటర్లు. 49,000 డైన్ పర్ సెంటీమీటర్ వచ్చింది. 49 ఎక్కడ, 49,000 ఎక్కడ! అయినా రెండూ ఒకటే. అదే స్ప్రింగు, అదే సాగుడు.

"మరి నా 490 ఏ పద్ధతి?"

"ఏ పద్ధతీ కాదు. గ్రాములు ఒక ఇంటి నుంచి, 9.8 ఇంకో ఇంటి నుంచి, సెంటీమీటర్లు మళ్లీ మొదటి ఇంటి నుంచి తెచ్చావు."

అది ఊరుకోలేదు. ప్రతి అంకె పక్కనా దాని ప్రమాణం రాసుకుంటూ మళ్లీ చేసింది. గ్రాము, మీటర్ పర్ సెకండ్ స్క్వేర్, కింద సెంటీమీటరు. 490. తర్వాత గ్రాముని కిలోగ్రాములోకి మార్చింది, వెయ్యితో భాగహారం. సెంటీమీటరుని మీటరులోకి మార్చింది, వందతో గుణకారం. 490 కాస్తా 49 అయి కూర్చుంది.

"అంటే 490 తప్పు కాదమ్మా! పక్కన ఏంటో రాయకపోవడం తప్పు!"

ఈ మాట నేను బీఎస్సీ చదివినప్పుడు కూడా నాకెవరూ ఇంత తేటగా చెప్పలేదు. 490 తప్పు కాదు. ఇరవై కూడా తప్పు కాదు. నేను ఏ రోజూ గీత తప్పలేదు. ఇరవై వేటివో అడగలేదు, అంతే. అడగకుండానే మా అత్తయ్యని దొంగని చేశాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిల్లకి, మా వారికి కెనడా విమానం కథ చెప్పాను. ఎప్పుడో చదివింది, మళ్లీ గుర్తొచ్చింది. 1983 జులై 23న ఎయిర్ కెనడా విమానం ఒకటి మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ బయల్దేరింది. ఆ దేశం అప్పుడప్పుడే పౌండ్ల నుంచి కిలోలకి మారుతోంది. ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ఇంధనం గేజి పనిచెయ్యక, లీటర్లు కొలిచి కిలోల్లోకి మార్చుకున్నారు. లీటరు ఇంధనం బరువు సుమారు 0.8 కిలో. కానీ వాళ్లు గుణించింది 1.77తో. అది పౌండ్ల లెక్క. గుణకారం తప్పు కాలేదు. 22,300 వచ్చింది, కానీ కిలోలు కాదు, పౌండ్లు. కావలసినదాంట్లో సగం కూడా లేకుండా విమానం ఎగిరింది. దాదాపు పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గాలిపటంలా తేలుస్తూ గిమ్లీ అనే ఊళ్లో పాత ఎయిర్‌ఫోర్స్ రన్‌వే మీద దించారు. అందులో ఉన్న 69 మందీ బతికారు.

"అంత పెద్దవాళ్లకే అయింది, నీకవడంలో వింతేముంది" అన్నారు మా వారు, నన్ను ఓదార్చాలని. అప్పటిదాకా మజ్జిగన్నం కలుపుకుంటూ వింటున్న అత్తయ్య తలెత్తారు.

"నాకూ ఒకసారి ఇట్లాగే అయింది" అన్నారు. మూడు రోజుల తర్వాత ఆవిడ తనంతట తానుగా మాట్లాడిన మొదటి మాట.

1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. అప్పుడు ఆవిడకి ఎనిమిదేళ్లు. అంతకుముందు రూపాయికి పదహారణాలు, ఇప్పుడు వంద నయాపైసలు. అంటే అణాకి ఆరుంపావు. పావు నయాపైస ఎక్కడ దొరుకుతుంది? అణా ఇస్తే ఆరు ఇచ్చేవారు. వాళ్ల నాన్నగారు నాలుగు అణా బిళ్లలు ఇచ్చి, కొట్లో కొత్త డబ్బులుగా మార్చుకురమ్మన్నారట. ఈవిడ ఒక్కొక్క బిళ్లా ఇచ్చి, ఒక్కొక్కదానికి ఆరు చొప్పున తీసుకున్నారు. ఇరవై నాలుగు వచ్చాయి. నాలుగణాలూ కలిపి ఇచ్చి ఉంటే సరిగ్గా పాతిక వచ్చేవి.

"ఒక నయాపైస ఏమైందే, పప్పుండ కొనుక్కు తిన్నావా అని మా నాన్న వీపు మీద ఒకటి వేశాడు. నేను తినలేదు నాన్నా అంటే నమ్మలేదు" అన్నారు అత్తయ్య. అని నా వైపు చూశారు. కోపంగా కాదు. డెబ్భై ఏళ్లనాటి దెబ్బని తడిమి చూసుకుంటున్నట్టు.

నాకు గొంతులో ముద్ద దిగలేదు. మళ్లీ ఒకసారి "సారీ అత్తయ్యా" అన్నాను. ఈసారి ఆవిడ నా చేతి మీద చెయ్యి వేశారు.

ఆ తర్వాత ఆవిడే అందుకుని, 1958 నుంచి దశలవారీగా కిలోలు ఎలా వచ్చాయో, వీశెలకీ సేర్లకీ అలవాటుపడ్డ వాళ్ల అమ్మ కిలో అంటే ఎంతో తెలియక కొట్టువాడితో ఎలా పోట్లాడేదో చెప్పారు. "అసలు కిలో అంటే ఇంత అని ఎవరు చెప్తారే?" అని మనవరాల్ని అడిగారు. అది ఉత్సాహంగా, 1889 నుంచి పారిస్ దగ్గర సెవ్ర్‌లో ప్లాటినం, ఇరిడియం కలిపి చేసిన దిమ్మ ఒకటి ఉండేదనీ, అదే ప్రపంచానికంతా కిలో అనీ, దాని నకలు ఒకటి, 57వ నంబరుది, ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో ఉందనీ, 2019 మే 20 నుంచి ఆ దిమ్మతో పనిలేకుండా ప్లాంక్ స్థిరాంకంతో కిలోని నిర్వచిస్తున్నారనీ చెప్పింది. అత్తయ్య అంతా విని, "అయితే మన వీధిలో కూరలబ్బాయి తక్కెడ సంగతి ఎవరూ పట్టించుకోలేదన్నమాట" అన్నారు. చాలా రోజుల తర్వాత ఇంట్లో అందరం నవ్వాం.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఒక చిన్న నోటు పుస్తకం ఉంటుంది. తేదీ, షుగరు ఎంత, ఏ ప్రమాణంలో, ఏ సీసా, ఏ సిరంజి, అన్నీ రాస్తాను. షుగరు పక్కన మిల్లీగ్రామ్ పర్ డెసిలీటర్ అని కూడా రాస్తాను. లండన్‌లో ఉన్న మా వదినకి ఫోన్లో చెప్పేటప్పుడు 18తో భాగించి చెప్తాను. వాళ్లు అక్కడ మిల్లీమోల్ పర్ లీటర్‌లో చూస్తారు. మన 126 వాళ్లకి 7. మీ ఇంట్లోనూ ఇన్సులిన్ వాడేవాళ్లుంటే, ఈ రోజే ఒకసారి సీసా మీద ఎంత రాసి ఉందో, సిరంజి మీద ఎంత రాసి ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. కలవకపోతే వెయ్యకుండా ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యండి. షాపులో కొత్త రకం ఇస్తే మొహమాటపడకుండా అడగండి. నేను అడగలేదు.

మార్కుల సంగతి మర్చిపోయాను కదూ. మీటింగులో మా వారు ఏమీ అడగలేదట. ఇకమీదట మేమెవరం అడగం కూడా. తర్వాతి పరీక్షలో మా అమ్మాయి ప్రతి అంకె పక్కనా ప్రమాణం రాసింది. ఒక లెక్కలో గుణకారం తప్పు చేసింది గానీ, అది వేరే సంగతి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అందరం కూర్చుని ఉండగా అత్తయ్య ఉన్నట్టుండి, "అమ్మాయ్, నీకో మాట చెప్పాలి. ఆ పది రోజుల్లో ఒక్క రోజు, ఒక్క అరిసె ముక్క తిన్నాను" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి అడిగింది.

"ముక్క అంటే ఎంత నానమ్మా? గ్రాముల్లో చెప్పు."